ఒంటిచేతి స్వామి పెచ్చు ఊడిన మంగళవారం

మా గుడిలో ఎవరూ రెండు చేతులు జోడించి దండం పెట్టరు. కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుంటారు, ఎడమచెయ్యి నడుము వెనక్కి మడుచుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లు అలవాటు కొద్దీ రెండు చేతులూ ఎత్తితే, వెనక వరుసలో ఉన్న ఏ ముసలమ్మో వాళ్ల ఎడమ మోచెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించుతుంది. కోపంతో కాదు, చిన్నపిల్లకు గౌను సర్దినట్టు.

ఆ గుడిలో నేను ముప్పయి ఒక్క ఏళ్లు పనిచేశాను. ఊడ్చడం, కడగడం, కుందులు తోమడం, స్వామికి పూసే సిందూరం కలపడం. నాకంటే ముందు మా అత్త చేసింది. ఆమె నడుము పడిపోయాక నేను చేరాను. మొన్న, నా తర్వాత పనిలో చేరిన ఇద్దరు ఆడపిల్లలు ఇంటికి వచ్చి, ఇన్నేళ్లలో నువ్వు బాగా భయపడ్డ రోజు ఏది పెద్దమ్మా అని అడిగారు. నోటితో చెబితే సగం మింగేస్తానని రాయడానికి కూర్చున్నాను. నేను నాలుగో తరగతి దాటలేదు. నా మనవరాలు పక్కన కూర్చుని ఒత్తులు దిద్దుతోంది. మాటలు మాత్రం మార్చొద్దని చెప్పాను.

ముందు స్వామి పేరు సంగతి చెప్పాలి. అది తెలియకపోతే ఆ రోజు మా ప్రాణాలు ఎందుకు పైకి పోయాయో మీకు అర్థం కాదు.

వరంగల్ నుంచి ములుగు పోయే తోవలో బస్సు దిగి కొంచెం లోపలికి నడిస్తే మా ఊరు. ఊరికి పడమట గుట్ట. గుట్ట మీద ఒక పెద్ద బండ, ఇప్పుడు పడుతుందా రేపు పడుతుందా అన్నట్టు ముందుకు వంగి ఉంటుంది. దాని కిందే గుడి. మా అత్త చెప్పిన కథ ఇది. వెనకట స్వామికి రెండు చేతులూ ఉండేవి. రాతిలో నిలబడి, చేతులు జోడించి, కళ్లు మూసుకుని రాముణ్ణి తలుచుకుంటూ ఉండేవాడు. ఒక వానాకాలం ఆడవాళ్లు గుట్ట మీద గడ్డి కోస్తుంటే కుండపోత పట్టుకుంది. మట్టి నాని బండ జారింది. అందరూ ఉరికారు. ఒక నిండుచూలాలు మాత్రం తలమీద గడ్డిమోపుతో అడుగు వేయలేక అక్కడే కూలబడింది. రాతిలోంచి మొత్తం బయటికి రావడానికి స్వామికి వ్యవధి లేదు. ఎడమచెయ్యి ఒక్కటి పైకి చాపాడు. బండ ఆగింది. ఆ చెయ్యి బండ కిందే ఉండిపోయింది. తెల్లారి ఊరంతా వచ్చి దండం పెట్టబోయి, ఎదురుగా ఒంటిచేత్తో నిలబడ్డ స్వామిని చూసి సిగ్గుపడ్డారు. మన కోసం చెయ్యి పోగొట్టుకున్నవాడి ముందు రెండు చేతులు ఎట్లా ఆడిస్తామని, ఎడమచేతులు వెనక్కి పెట్టుకున్నారు. అప్పటి నుంచి ఆయన ఒంటిచేతి హనుమాండ్లు.

ఈ కథ చెబుతూ మా అత్త గడ్డిమోపు దగ్గరికి రాగానే తన నెత్తి మీద చెయ్యి పెట్టుకునేది, మోపు పడిపోకుండా పట్టుకున్నట్టు. నాకూ అదే అలవాటైంది. ఇప్పుడు రాస్తూ కూడా పెట్టుకున్నాను.

ఇక స్వామి రూపం. తరతరాలుగా మంగళవారం మంగళవారం సిందూరం పూసి పూసి, ఆయన నారింజరంగు గుట్టలాగా ఉబ్బిపోయాడు. వెండి కళ్లు, పైకెత్తిన కుడిచెయ్యి, తల మీదుగా వంకీ తిరిగిన తోక, ఇంతవరకే గుర్తుపట్టగలం. ఎడమవైపు భుజం నుంచి పాదం దాకా నున్నగా ఉండేది. అక్కడ చెయ్యి లేదు. ఉండాలని ఎవరూ అనుకోలేదు కాబట్టి ఎవరూ వెతకలేదు.

నా పనిలో పెద్ద విద్య ఏమీ లేదు. వరంగల్ చౌరస్తా దగ్గర దుకాణంలో సిందూరం తెచ్చి, నువ్వుల నూనె పోసి, వేళ్లతో మెదపాలి. పలచనైతే కారుతుంది, గట్టిపడితే పగులుతుంది. చెవి తమ్మె ఎంత మెత్తన ఉంటుందో అంత మెత్తగా రావాలని మా అత్త నేర్పింది. ఒక చేత్తో చెవి పట్టుకుని, ఇంకో చేత్తో సిందూరం పిసుకుతూ నేర్చుకున్నాను. పూసేది అయ్యగారు. నేను గడప దాటను. గడప ఇవతల కూర్చుని గిన్నె అందిస్తాను.

ఇంకొక పని కూడా మా అత్త నాకు అప్పజెప్పింది. అయ్యగారికి చెవులు మందం. ఆయన గిన్నె స్వామి పాదాల దగ్గర పెట్టినప్పుడు అది సిందూరం పెచ్చుకు తగిలి చప్పుడవుతుంది. ఆ చప్పుడు నేను వినాలి. గట్టి చప్పుడైతే మంచిదే. కుండ మీద కొట్టినట్టు బోలు చప్పుడు వస్తే లోపల పెచ్చు రాతిని వదిలిందని గుర్తు. ఆ రోజే అయ్యగారికి చెప్పాలి. "చెవి నీది, చెయ్యి ఆయనది" అనేది మా అత్త.

ఇప్పుడు మా గుడిలో కొబ్బరికాయలు కొట్టే చెల్లె గురించి. సొంత చెల్లె కాదు, నేనట్లా పిలుస్తాను. ఇదంతా నిజానికి ఆమె కథే.

ఆమె ఎనుమాముల దిక్కు ఒక పత్తి మిల్లులో పనిచేసేది. నడిచే మిషన్‌లో పత్తి ఇరుక్కుంటే తీయబోయింది. ఎడమచెయ్యి భుజం దాకా పోయింది. దవాఖాన నుంచి వచ్చాక ఏడాదిపాటు గడప దాటలేదట. పెళ్లిళ్లకు పోలేదు, బోనాలకు పోలేదు. నడి ఎండాకాలంలో కూడా భుజం మీద తువ్వాల కప్పుకునే ఉండేదట. వాళ్లమ్మ బలవంతాన ఒక మంగళవారం మా గుడికి తీసుకొచ్చింది. మెట్ల దాకా వచ్చి, లోపలికి రానని కూర్చుండిపోయింది. నేను మెట్లు ఊడుస్తున్నాను. దర్శనం అయినవాళ్లు స్వామికి వీపు చూపకుండా, ఎడమచెయ్యి నడుము వెనక పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ వస్తున్నారు. ఆమె చాలాసేపు చూసి నన్ను పిలిచింది.

"అక్కా, గీళ్లందరికి ఏమైంది? అందరు నా లెక్కనే ఉన్నరేంది?"

చీపురు పక్కన పెట్టి కథ చెప్పాను. మొత్తం విని ఒక్కటే అడిగింది. ఆ నిండుచూలాలు తర్వాత మంచిగా కన్నదా అని. అన్నేళ్లలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. మా అత్తను నేనూ అడగలేదు. మంచిగా కన్నదని చెప్పేశాను. ఆమె లేచి మెట్లెక్కింది. ఎక్కుతుంటే భుజం మీది తువ్వాల జారింది. వంగి తీసుకోలేదు. ఆ తువ్వాల నా దగ్గర చాలా రోజులు ఉంది.

తర్వాత వారం వచ్చింది, ఆ తర్వాత వారం వచ్చింది. మూడో నెలకు కొబ్బరికాయలు కొట్టే పనికి కుదిరింది. కాయను ఒంటిచేత్తో రాయి మీద వేస్తే రెండు చిప్పలూ ఆమె ముందే పడేవి. నీళ్లు ఎవరి మీదా చిందేవి కావు. ఎవరైనా మగవాళ్లు నేను కొడతానని ముందుకొచ్చి కాయ జారవిడిస్తే, "రెండు చేతులుంటే గిట్లనే ఉంటది, ఏది పని చెయ్యాల్నో వాటికే తెల్వది" అని నవ్వేది. ఆమెను చూసి ఇంకా కొందరు రావడం మొదలైంది. గడ్డికోత మిషన్‌లో వేళ్లు పోయినవాళ్లు, కరెంటు కొట్టి చెయ్యి చచ్చుబడినవాళ్లు. వాళ్లు దర్శనం చేసుకుని ఆమె దగ్గర కూర్చునేవారు. ఆమె వాళ్లకు స్వామి కథ చెప్పేది. నాకంటే బాగా చెప్పేది. నిండుచూలాలికి ఆడపిల్ల పుట్టిందని కూడా కలిపింది. ఆమె ఆ స్వామిని దేవుడిలా కాదు, ఒకే మిల్లులో దెబ్బతిన్న తోటి మనిషిలా చూసుకునేది. పొద్దున రాగానే, "ఏం సంగతి, ఇద్దరం ఉన్నం కదా" అని లోపలికి తొంగిచూసి చెప్పి పనిలో దిగేది.

ఇప్పుడు నా తప్పు.

నేను పని విరమించడానికి ఇంకా ఒక ఏడాది ఉందనగా, హనుమాన్ జయంతికి మూడు నెలల ముందు, ఒక మంగళవారం గిన్నె పెట్టిన చప్పుడు బోలుగా వినబడింది. నా చెవే మోసం చేసిందనుకున్నాను. మరుసటి వారం విన్నాను. బోలుగానే ఉంది. ఆ మరుసటి వారం అయ్యగారు గిన్నె పెట్టేటప్పుడు నేను గట్టిగా దగ్గాను, ఆ చప్పుడు నా చెవిలో పడకుండా ఉండాలని. ఎందుకు దగ్గావని మీరు అడుగుతారు. చెబితే సిందూరం సరిగా కలపలేదంటారని భయం. మా అత్త చేతిలో అంతకాలం నిలిచిన పెచ్చు నా చేతిలో వదిలిందంటారని భయం. ఇంకొక్క ఏడాది గడిస్తే చాలు, తర్వాత ఏమైనా నా మీదికి రాదనుకున్నాను. మూడు నెలలు ప్రతి మంగళవారం దగ్గాను. అయ్యగారు పాపం, "దగ్గుకు మందు తాగమ్మా" అని ఒకసారి మిరియాల పొడి కూడా ఇచ్చారు.

జయంతి ఇంకా ఎనిమిది రోజులు ఉందనగా వచ్చిన మంగళవారం అది. తెల్లగా తెల్లారింది. తలుపులు ఇంకా తీయలేదు. బయట చెల్లె గోనెపట్టా పరిచి రాయి కడుగుతోంది. ఆ నీళ్ల చప్పుడు నాకు వినబడుతోంది. లోపల అయ్యగారు సిందూరం పూస్తూ భుజం దాకా వచ్చారు. నేను గడప దగ్గర ఎడమచెయ్యి వెనక పెట్టుకుని, కుడిచేత్తో గిన్నె పట్టుకుని కూర్చున్నాను.

వానకు నానిన మట్టిగోడ కూలేటప్పుడు ముందు ఒక నిట్టూర్పులాంటి చప్పుడు వస్తుంది. అది వచ్చింది. చేతికి అదురు తెలిసి అయ్యగారు ఇటు తిరిగారు, ఏమిటన్నట్టు. అంతలో ఆయన వెనక స్వామి ఒళ్లు భుజం నుంచి పాదం దాకా ఒక్క పెళ్లగా విడిపోయి కిందపడింది. గర్భగుడి నిండా నారింజరంగు దుమ్ము. అయ్యగారు గోడకు ఆనుకుని కూలబడ్డారు.

దుమ్ము దిగింది. లోపల నల్లటి స్వామి. నేను ముప్పయి ఏళ్లు చూసిన లావుపాటి స్వామి కాడు. సన్నగా, పడుచుగా, నూనె తాగి నిగనిగలాడే రాయి. నడుముకు మొలతాడు, కాలికి అందె, గోళ్లతో సహా ఎవరో నిన్ననే చెక్కి వెళ్లినట్టున్నాయి. ఎడమవైపు, నడుము మీద ఆనించి, తామరమొగ్గ కాడ పట్టుకుని, ఎడమచెయ్యి ఉంది.

అయిదు వేళ్లు. నేను లెక్కపెట్టాను. ఒక దెబ్బ లేదు, ఒక గీత లేదు.

అయ్యగారు లేచి నిలబడ్డారు. ఆయన రెండు చేతులూ వాటంతట అవే పైకి లేచి జోడించుకున్నాయి. పుట్టినప్పటి నుంచి ఆ గుడిలో జోడించని చేతులు. జోడించిన చేతుల్ని ఆయనే చూసుకుని, నిప్పు ముట్టుకున్నట్టు విడదీశారు. మొదట మనసులోకి వచ్చింది నా ఉద్యోగం కాదు, ఒట్టు. బయట రాయి కడుగుతున్న నీళ్ల చప్పుడు చెవిలో పడింది. ఇంకాసేపట్లో ఆమె వచ్చి తొంగిచూసి, ఇద్దరం ఉన్నం కదా అంటుంది. అప్పుడేం చెప్పాలి?

తెర లాగేశాం. విశేష అలంకారం జరుగుతోంది, దర్శనం లేదని బయట చెప్పించాం. అయ్యగారు దేవాదాయ శాఖ ఈవో సారుకు ఫోన్ చేశారు. ఆయన చేతి కింద చాలా గుళ్లు ఉన్నాయి, మా గుడికి నెలకు ఒకసారి వస్తే ఎక్కువ. ఆ రోజు మాత్రం బండి మీద ఉరుకులు పరుగుల మీద వచ్చారు. తెర తీసి చూసి, వెంటనే మూసి, మెట్టు మీద కూర్చున్నారు. నీళ్లు అడిగారు. ఆ నీళ్లు తాగకుండా చాలాసేపు గ్లాసు పట్టుకునే ఉన్నారు.

"ఆర్చి మీద ఒంటిచెయ్యి, బోర్డు మీద ఒంటిచెయ్యి, బస్సుల కండక్టరు ఒంటిచెయ్యి స్టేజి అనే అంటడు" అన్నారు చివరికి. "పేరు మార్చాలంటే నేను పైకి ఏమని రాయాలె? చెయ్యి దొరికిందని రాయాల్నా?"

నవ్వొచ్చే మాటే. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

అయ్యగారు అప్పుడొక మాట చెప్పారు. అది నాకు పెచ్చు ఊడినదానికంటే పెద్ద దెబ్బ. ఇట్లాంటి పాత స్వాములు ఈ చుట్టుపక్కల ఎన్నో ఉన్నారని, అందరికీ కుడిచెయ్యి పైకి, ఎడమచెయ్యి నడుము మీద ఉంటుందని, చదువుకునే రోజుల నుంచి తనకు అనుమానం ఉందని. వాళ్ల నాయనను అడిగితే, నీ పని పూయడం, తవ్వడం కాదని కోప్పడ్డాడట. అప్పటి నుంచి ఆయన పూస్తూ వచ్చారు. నేను మూడు నెలలు దగ్గాను, ఆయన నలభై ఏళ్లు పూశారు. ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

ఈవో సారు తేల్చింది ఏమిటంటే, జయంతికి ముందు గొడవ వద్దు, చెయ్యి కనబడకుండా మళ్లీ పూసేయాలి. ఎంతసేపు పడుతుందని నన్ను అడిగారు. మధ్యాహ్నానికి కలుపుతానన్నాను. ఎందుకంటే నాకూ అదే కావాలి. పెచ్చు ముక్కలు గోనెసంచుల్లోకి ఎత్తి మూల పెట్టాం, తర్వాత గోదారిలో కలపాలని. నేను గుడి వెనక కూర్చుని సిందూరం పిసకడం మొదలుపెట్టాను. చెల్లె వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమైందక్కా, నువ్వు నా దిక్కు సూత్తలేవు" అంది.

పని ఎక్కువుందన్నాను. అయ్యగారి కాలికి ఆ దుమ్మేంటి అంది. అలంకారం అన్నాను. ఆమె నా చెవి వైపు చూసింది. చెవి పట్టుకోకుండా సిందూరం కలుపుతున్నానని నాకు అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం అయ్యగారు పూశారు. తరతరాల నూనె తాగిన రాయి కదా, నున్నగా గాజులా ఉంది. సిందూరం ఒళ్లంతా పట్టుకుంది గాని, ఎడమచెయ్యి మీద మాత్రం నిలవలేదు. ఎత్తుగా ఉన్న చోట మందంగా వేస్తే బరువుకు జారింది. మేం ముగ్గురం చూస్తుండగానే మోచెయ్యి బయటపడింది, తర్వాత మణికట్టు, తర్వాత అయిదు వేళ్లు. బుధవారం పొద్దున గట్టిగా కలిపి మళ్లీ వేశాం. మళ్లీ జారింది. మూడోసారి గిన్నె అందించబోతే అయ్యగారు తీసుకోలేదు.

"నేనిగ ఆయన చెయ్యి నరకలేను" అన్నారు.

ఈవో సారు తల పట్టుకుని, సరే, జయంతి దాకా నిజరూప దర్శనమని పెట్టండి, జనం ఏమనుకుంటే అదే అన్నారు. నేను ఆయన ముందు నిలబడి ఒక్క గంట గడువు అడిగాను. జీవితంలో ఒక అధికారిని అడిగింది అదొక్కటే. ఎందుకని ఆయన అడగలేదు. కొబ్బరికాయల రాయి వైపు చూసి తల ఊపారు.

చెల్లెను గడప దాకా తీసుకుపోయి తెర తీశాను. ముందే ఏదైనా చెబుదామని రాత్రంతా మాటలు పేర్చుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. ఆమె స్వామి మొహం చూసింది. తర్వాత కిందికి చూసింది. అక్కడే ఆగిపోయింది. ఆమె కుడిచెయ్యి గుండె మీది నుంచి మెల్లగా జారి, ఎడమ భుజం మీదికి, చెయ్యి లేని చోటికి పోయింది. తువ్వాల కోసం వెతికినట్టు.

"ఎప్పటి సంది ఎరుక నీకు?" అంది నా వైపు తిరగకుండానే.

చెయ్యి సంగతి నిన్ననే తెలిసిందన్నాను. బోలు చప్పుడు సంగతి కూడా చెప్పేశాను, మూడు నెలలు దగ్గిన సంగతి కూడా. ఆమె వింది. స్వామినే చూస్తూ, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు అంది: "ఇన్నేండ్లు ఇద్దరం ఒక్కతీరే అనుకున్న. నీకున్నదే."

అంతే. గోనెపట్టా మడిచి గోడకు ఆనించి, మెట్లు దిగి వెళ్లిపోయింది. దిగుతుంటే కొంగు తీసి భుజం మీద కప్పుకుంది. అది చూశాక నేను గుడి వెనక్కి పోయి కూర్చున్నాను. ముప్పయి ఏళ్లలో పనివేళ ఊరికే కూర్చుంది ఆ రోజే.

తర్వాతి రోజులు చెప్పలేను. జనం, జనం. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా, హనుమకొండ నుంచి, రఘునాథపల్లి అవతలి నుంచి కూడా వచ్చారు. ఎవరో ఫొటో తీసి ఫోన్లలో పంపారు. లోపలికి వచ్చి చూసినవాళ్లు నోరు తెరిచి అట్లాగే ఉండిపోయేవారు. తమ చేతుల్ని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియలేదు. కొందరు జోడించారు. కొందరు సగం ఎత్తి దించారు. ఒక ముసలాయన బయటికి పోయి, గుట్ట మీది బండను చూసి, మరి దీన్ని ఎవరు పట్టుకున్నరని గట్టిగా అడిగి, ఆ రోజే కొడుకు ఇంటికి ఇంకో వాడకు మారిపోయాడు. చేతులు పోయినవాళ్లు మాత్రం రాలేదు. వచ్చిన ఒకరిద్దరు కొబ్బరికాయల రాయి దాకా వచ్చి, అక్కడ ఎవరూ లేకపోవడం చూసి, అటు నుంచి అటే పోయారు.

నేను రెండుసార్లు చెల్లె ఇంటికి పోయాను. మొదటిసారి వాళ్లమ్మ బయటికి వచ్చి, పండుకుందని చెప్పింది. రెండోసారి కిటికీలోంచి చూశాను. మంచం మీద కూర్చుని ఉంది. చైత్రమాసం ఎండకు ఇల్లు పొయ్యిలా ఉంది. తువ్వాల కప్పుకుని ఉంది.

జయంతి రోజు పొద్దున్నే ఆకుపూజకు జనం మెట్ల కింది దాకా వరుస కట్టారు. కొబ్బరికాయలు కొట్టడానికి వేరే ఊరి మనిషిని పెట్టారు. అతను కొట్టే కాయల నీళ్లు అందరి మీదా పడుతున్నాయి. నేను గడప పక్కన తమలపాకులు అందిస్తున్నాను. వరుసలో గుసగుస మొదలైంది. తలెత్తితే ఆమె. పనిమనిషిలా వెనక నుంచి కాదు, అందరితోపాటు వరుసలో నిలబడి వస్తోంది. భుజం మీద ఏమీ లేదు. ముందున్నవాళ్లు ఆమెను చూసి, వారం రోజులుగా జోడిస్తున్న చేతుల్ని ఒక్కొక్కరే దించి, ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. ఎవరూ చెప్పలేదు. వరుస మొత్తం అట్లా అయిపోయింది.

ఆమె గడప దగ్గరికి వచ్చి ఆగింది. అయ్యగారు హారతి పళ్లెం పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. మళ్లీ స్వామితో ఏదో అంటుందనుకున్నాను. నాతో అంది.

"వారం సంది పండుకోని ఇదే సోంచాయించిన అక్కా. ఆయన చెయ్యి పోయిందో, ఉన్నదో, బండ ఎవరాపిండ్రో నాకెరుకలేదు. మీరందరు నా ముందల చెయ్యి యెనుకకు పెట్టుకున్నరు. అది నేను నా కండ్లతోటి సూసిన. అది అబద్దమైతదా?"

నేను చేతిలోని తమలపాకులు పళ్లెంలో పెట్టాను. ఆమె తన కుడి అరచెయ్యి ఎత్తి నా ముందు పెట్టింది, ఖాళీగా, నిలువుగా.

"నీ ఎడమది తే" అంది.

ఆ గడప దగ్గర ముప్పయి ఏళ్లు నా ఎడమచెయ్యి నడుము వెనకే ఉంది. అది అక్కడి నుంచి రావడానికి కొంచెంసేపు పట్టింది. సిందూరం మరకలతో ఉన్న చెయ్యి తీసుకొచ్చి ఆమె అరచేతికి ఆనించాను. రెండూ కలిపితే ఒక దండం అయింది. ఇద్దరం తలలు వంచాం. వెనక వరుసలో ఏం జరుగుతోందో నేను చూడలేదు గాని, గాజుల చప్పుడు మాత్రం వినబడింది, ఒకరి చెయ్యి ఒకరు వెతుక్కుంటున్న చప్పుడు.

ఇప్పుడు మా గుడికి పోతే మీరు చూస్తారు. కొందరు ఇంకా ఎడమచెయ్యి వెనక్కే పెట్టుకుంటారు. చాలామంది పక్కనున్నవాళ్ల చేతితో కలిపి దండం పెడతారు, ఎవరని అడగకుండానే. పేరు మాత్రం మారలేదు. ఈవో సారు పైకి ఏం రాశారో ఆయనకే తెలియాలి. సిందూరం మళ్లీ పూస్తున్నారు, పలచగా, చెయ్యి కనబడేటట్టు. గుట్ట మీది బండ అక్కడే ఉంది.

పనిలో చేరిన పిల్లలిద్దరికీ చెప్పేది ఇంతే. చెవి మీది. బోలు చప్పుడు విన్న రోజే చెప్పండి, దగ్గొద్దు.

ఆ రోజు దండం అయ్యాక చెల్లె చెయ్యి తీసుకుని, నా మరకలు అంటిన అరచెయ్యి చూసుకుని, కొంగుకు తుడుచుకుంది. బయటికి పోయి ఆ వేరే ఊరి మనిషి భుజం తట్టింది.

"జరుగు బిడ్డా" అంది. "నీళ్లన్ని జనం మీద పోత్తానవు."

రాయి మీద కాయ పడిన చప్పుడు నాకు లోపలికి వినబడింది. గట్టి చప్పుడు.